అమ్మ పుట్టింటి ఇంటిపేరు

ఇందులో ఎవరి పేరూ రాయను. మర్యాద కోసం కాదు, భయం కొద్దీ. మా వాళ్ల పేర్లలో ఏది ఏ బ్యాంకులో, ఏ ఈమెయిల్లో పాస్‌వర్డై కూర్చుందో నాకే తెలియదు. మా మావయ్య అయితే ఇప్పటికీ మనవరాలి ముద్దుపేరు తప్ప మరొకటి పెట్టడు. పెట్టి ఊరుకుంటాడా, పెట్టానని ఆ పిల్లకి చెబుతాడు, పక్కింటివాళ్లకీ చెబుతాడు. కాబట్టి నాన్న, అమ్మ, మావయ్య, నేను. వీళ్లతోనే సరిపెట్టుకోండి.

ముందు నాన్న సంగతి చెప్పాలి. బెజవాడ వన్‌టౌన్‌లో మాకు చేనేత చీరల హోల్‌సేల్ కొట్టు ఉండేది. తాత మగ్గం నేశాడు. నాన్న నేతగాళ్ల దగ్గర చీరలు కొని చుట్టుపక్కల ఊళ్ల కొట్లకు వేసేవారు. వ్యాపారంలో గట్టివారే కానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. గుడివాడ పాసింజర్లో ఎదుటి సీటాయన "ఎవరి తాలూకండీ తమరు?" అని మాటవరసకు అడిగితే చాలు, నాన్న కాళ్లు మడిచి సీటు మీద పెట్టుకుని మొదలుపెట్టేవారు. మా తాతగారి మగ్గం, అమ్మకి జరిగిన ఆపరేషను, గోడ దగ్గర పక్కింటివాళ్లతో వచ్చిన పేచీ, పదో క్లాసులో నాకు హిందీలో వచ్చిన మార్కులు. గుడివాడ వచ్చేసరికి ఆ పెద్దమనిషికి మా ఇంటి గుట్టంతా తెలిసిపోయేది. దిగాక నేను అడిగేదాన్ని.

"ఇంతకీ ఆయన పేరేంటి నాన్నా?"

"అరెరే, అడగలేదే!"

అలా రైల్లో కలిసినాయన ఒకరు తర్వాతి వారమే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అమ్మని "ఆపరేషనయ్యాక నడుంనొప్పి తగ్గిందామ్మా?" అని పరామర్శించారు. అమ్మ ఆయనకి కాఫీ ఇచ్చి, ఆయన వెళ్లాక నాన్న వంక ఒక చూపు చూసింది. ఆ చూపు నాన్నకి ఎప్పుడూ అర్థమయ్యేది కాదు.

మేం తొంభైలలో ఫోను పెట్టించుకున్నప్పుడు మా వీధిలో అదొక్కటే. వీధిలో అందరి కార్డుల మీదా, శుభలేఖల మీదా మా నంబరే ఉండేది, పక్కన బ్రాకెట్లో పి.పి. అని. అంటే ఫోను మాది కాదు, పక్కింటివాళ్లది, పిలిచి పెడతారు అని అర్థం. పిలవడం నాన్న డిపార్టుమెంటు. వరండాలోకి వెళ్లి, లుంగీ బిగించుకుని, "ఏవండోయ్, మీ కోడలికి నెల తప్పిందంటండీ! వియ్యపురాలు లైన్లో ఉన్నారు, రండి!" అని కేకేసేవారు. ఆ అత్తగారు చెప్పులేసుకుని వచ్చేలోగా వీధిలో ముగ్గురు ఆవిడకి శుభాకాంక్షలు చెప్పేసేవారు. ఎవరూ కోప్పడేవారు కాదు. కబురు దాచుకుంటే ఏదో దురదృష్టాన్ని దాచుకున్నట్టే లెక్క మాకు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని నేను.

ఇక మావయ్య. అమ్మకి ఒక్కడే తమ్ముడు. ఏలూరు రోడ్డులో జిరాక్స్ షాపు. రెండువేల సంవత్సరం దాటాక ఆ షాపులోనే ప్లైవుడ్డుతో గదులు కట్టి, కర్టెన్లు వేలాడదీసి, లోపల కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ సెంటర్ చేశాడు. పైన ఇంత పొడుగు బోర్డు. బోర్డు మీద ముందు వాళ్ల ఇంటిపేరు, ఆ తర్వాతే జిరాక్స్, ఇంటర్నెట్, లామినేషన్ వగైరా. రాత్రి కూడా కనబడాలని దాని నెత్తిన ట్యూబులైటు. ఆ బోర్డు పెట్టిన రోజు నుంచీ మా చుట్టాలందరి దృష్టిలో మావయ్య కంప్యూటర్ ఇంజనీరు.

నేను అప్పటికి ఎమ్మెస్సీ లెక్కలు చదివి, ఊళ్లోనే ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో చేరాను. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. కాలేజీ పెద్ద గొప్పదేం కాదు, ఫ్యాను తిరిగితే బోర్డు మీది సుద్దపొడి నా జుట్టంతా పడేది. అయినా వెనకబెంచీ పిల్ల ఒకతి, ఏడాదంతా బిక్కమొహం వేసుకుని కూర్చున్నది, ఒకరోజు ఉన్నట్టుండి "అంతేనా మేడమ్?" అంటుంది చూడండి, ఆ మాట కోసం నేను ఎండలో సిటీబస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడమన్నా వేలాడతాను. వేలాడాను కూడా. ఇంట్లో పెళ్లి మాట ఎత్తినప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే. ఉద్యోగం మానను. "సరేనమ్మా, నిన్ను మానమన్నదెవరు?" అన్నారు నాన్న, అమ్మ ఎదురుగానే.

సంబంధాలు వెతికే పని మావయ్య నెత్తిన వేసుకున్నాడు. బ్రోకర్లు పాతబడ్డారని, ఇప్పుడంతా వెబ్‌సైట్లలోనే అని అన్నాడు. అమ్మ బీరువాలోంచి నా ఫొటో పట్టుకెళ్లి, నా పేరు మీద ఒక ఈమెయిలు తెరిచి, దాంతో ఒక పెళ్లిసంబంధాల వెబ్‌సైట్‌లో నన్ను చేర్చాడు. అన్నీ అయిపోయాక ఇంటికొచ్చి చెప్పాడు.

"పాస్‌వర్డ్ ఏంటి మావయ్యా?" అన్నాను.

"నీకెందుకమ్మా ఆ తలనొప్పి? ఏదన్నా వచ్చిద్దనుకో, ప్రింటు తీసి పంపిస్తాగా!"

మొదటి ప్రింటు, అందులో పెట్టిన నా వివరాలది, అన్నట్టుగానే వచ్చింది, కానీ నాకు కాదు, నాన్న కొట్టుకి. నాన్న దాన్ని మురిపెంగా గల్లాపెట్టె బల్ల అద్దం కింద పెట్టుకున్నారు. ఇంక చూడండి నా భాగ్యం. మైలవరం నుంచి చీరలకొచ్చిన కొట్టాయన బేరం ఆడుతూ ఆడుతూ నా ఎత్తు చదివేవాడు, నా రంగు చదివేవాడు, "అమ్మాయిది అశ్వినా అండీ?" అని నక్షత్రం గురించి సలహా ఇచ్చేవాడు. నేను ఒకరోజు కొట్టుకెళ్లి చదివితే తెలిసింది, నా హాబీలు వంట, సంగీతం, పెయింటింగ్ అని. నేను పెట్టిన చారు ఒకసారి తిని నాన్న వారం రోజులు మజ్జిగతోనే గడిపారు. సంగీతమంటే రేడియో పెట్టుకోవడం. పెయింటింగ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో, బహుశా గేటుకి రంగు వేసినప్పుడు డబ్బా పట్టుకున్నందుకేమో.

"ఇవన్నీ అబద్ధాలు కదా నాన్నా," అన్నాను.

"అందరూ అట్టాగే రాస్తారంటమ్మా, ఫార్మాట్టంట," అన్నారు నాన్న.

కొన్నాళ్లకి హనుమాన్ జంక్షన్ నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్లకి అక్కడ లారీల స్పేర్‌పార్టుల వ్యాపారం. అబ్బాయి ఇంజనీరింగ్ చదివి కొట్టు చూసుకుంటున్నాడు. పెళ్లిచూపులకి అబ్బాయి, వాళ్లమ్మ, వాళ్ల బావగారు వచ్చారు. సున్నుండలు, బజ్జీలు, కాఫీలు అయ్యాయి. నాన్న వాళ్ల బావగారికి గోడ పేచీ గురించి చెప్పడం మొదలుపెట్టగానే, ఇద్దరినీ కాస్త మాట్లాడుకోనివ్వండంటూ మమ్మల్ని డాబా మీదికి పంపారు.

అబ్బాయి నెమ్మదస్తుడే. ట్యాంకు పక్కన నిలబడి కాసేపు బూట్ల వంక చూసుకుని అన్నాడు.

"మీ మెయిల్స్ చాలా బాగుంటాయండి."

"ఏ మెయిల్సండీ?"

"అదేనండి, నెలరోజులుగా రాస్తున్నారు కదండి. ఉద్యోగం టైంపాస్‌కేనని, పెళ్లయ్యాక మానేసి ఇల్లు చూసుకుంటానని రాశారు చూడండి, అది చదివి మా అమ్మ ఎంత సంతోషపడిందోనండి."

నాకు డాబా మీద ఎండ ఒక్కసారి నెత్తికెక్కింది.

"అవి నేను రాసినవి కావండీ," అన్నాను.

ఆయన హాయిగా నవ్వాడు. "మీరిట్టా సరదాగా మాట్లాడతారని మెయిల్స్‌లోనే తెలిసిందండి!"

అదీ సంగతి. మావయ్య నా తరఫున ఉత్తరాలు రాయడమే కాదు, నన్ను సరదామనిషిని కూడా చేసి పెట్టాడు. ఇక నేను ఏ నిజం చెప్పినా అది నా చమత్కారంలోకే వెళ్తుంది. కింద నుంచి పిలుపొచ్చింది. దిగి వచ్చేసరికి వాళ్లమ్మగారు నా గడ్డం పుణికి, "ఇంటిపట్టున ఉండే పిల్ల కావాలనే ఇన్నాళ్లు ఆగామమ్మా," అంది. వచ్చేవారం మంచిరోజు చూసి తాంబూలాలు పుచ్చుకుందామన్నారు.

వాళ్ల కారు సందు తిరగడం ఆలస్యం, నేను మావయ్య మీద పడ్డాను. ఆయన మిగిలిన బజ్జీల పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు.

"నా పేరుతో ఏం రాశావు మావయ్యా వాళ్లకి?"

"మామూలేనమ్మా. ఆళ్లేదో అడిగారు, నేనేదో చెప్పాను. నీ తరఫునేగా!"

"నా తరఫున నేను లేనా? చచ్చానా?"

"అపభ్రంశపు మాటలేంటే అవి!" అన్నాడు నొచ్చుకుని. "నువ్వు రాస్తే సంబంధం కుదిరిద్దా చెప్పు? ఉద్యోగం మానను, వంట రాదు అని మొదటి లైన్లోనే రాసేదానివి. ముందు ఊఁ అనాలమ్మా. పెళ్లయ్యాక నువ్వూ అతనూ ఏదో ఒకటి సర్దుకుంటారు."

నాన్న వంక చూశాను. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "మంచి సంబంధమమ్మా. ఉద్యోగం సంగతి తర్వాత మెల్లిగా మాట్లాడొచ్చులే," అన్నారు.

అప్పుడు నాకు కోపం కాదు, భయం వేసింది. తాంబూలాలయ్యాక నేను కాదంటే మాట తప్పినదాన్నవుతాను. అనని మాటకి! నా ఫొటో కింద, నా పేరు మీద, నెలరోజుల పాటు ఎవరో ఒప్పుకుంటూ పోయిన మాటకి. వాళ్లమ్మగారు ఆ ప్రింట్లు తీసి చూపిస్తే నేను ఏమని చెప్పుకోవాలి? మళ్లీ ఏ వెనకబెంచీ పిల్లా నన్ను "అంతేనా మేడమ్?" అని అడగదు. ఆ ఆలోచనకే నాకు ఏడుపొచ్చింది.

"పాస్‌వర్డ్ చెప్పు మావయ్యా. నేనే రాస్తాను వాళ్లకి."

"ఇప్పుడు కోపంలో ఉన్నావు. రెండ్రోజులు పోనీ," అన్నాడు మావయ్య, ఆఖరి బజ్జీ తీసుకుంటూ.

మర్నాడు కాలేజీ అయ్యాక గవర్నర్‌పేటలో ఎవరూ తెలియని నెట్ సెంటర్ ఒకటి చూసుకుని వెళ్లాను. ఈమెయిలు అడ్రసు నాన్న కొట్లో ప్రింటు మీదే చూశాను, ఇక పాస్‌వర్డ్ దగ్గర మా ఇంట్లో నన్ను పిలిచే పేరు కొట్టాను. కాదంది. దాని పక్కన ఒకటీ రెండూ మూడూ కొట్టాను. కాదంది. పాస్‌వర్డ్ మర్చిపోయారా అని అడిగింది. అసలు తెలిస్తే కదా తల్లీ మర్చిపోవడానికి అనుకుని అవునన్నాను. పుట్టినరోజు అడిగింది. కొట్టాను. తప్పంది! నేను ఎప్పుడు పుట్టానో నాకే తెలియదంటుంది కంప్యూటరు. కాసేపు బిత్తరపోయి, తర్వాత మావయ్య బుద్ధి గుర్తొచ్చి, నా వయసు ఏడాది తగ్గేట్టు సంవత్సరం మార్చి కొట్టాను. సంతోషించింది. పెళ్లి కోసం నన్ను ఏడాది చిన్నదాన్ని చేశాడన్నమాట.

అప్పుడు వచ్చింది రహస్య ప్రశ్న. దీని జవాబు మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు అని ముందు ఒక హెచ్చరిక. కింద ప్రశ్న: మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి?

నేను ఆ గదిలో ఒక్కదాన్నే పైకి నవ్వాను. పక్క గదిలో కుర్రాడు కర్టెను తీసి చూశాడు. ఈ ప్రశ్న ఏ దేశపువాళ్లు తయారు చేశారో కానీ, అక్కడ తల్లి పుట్టింటి పేరు పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటారేమో. మా కృష్ణాజిల్లాలో మనిషి కనబడితే రెండో ప్రశ్న అదే. "మీ అమ్మగారి పుట్టింటివారెవరమ్మా?" అని అడగని ముసలమ్మ ఏ బస్సులోనూ ఉండదు. వరస కలవాలన్నా, మేనరికం తేలాలన్నా, ఇంట్లో ఎవరైనా పోతే మైల ఎవరెవరికో చూడాలన్నా అదే కావాలి. ఇక నా సంగతైతే, నా రహస్యాన్ని మా మావయ్య ఏలూరు రోడ్డు మీద అడుగెత్తు అక్షరాలతో రాయించి, చీకట్లో కనబడదేమోనని ట్యూబులైటు కూడా వేయించాడు.

ధీమాగా కొట్టాను. తప్పంది.

తెలుగు ఇంటిపేరుని ఇంగ్లీషులో రాయడం ఎవరి ఇష్టం వాళ్లది కదా. అమ్మ రేషన్ కార్డులో ఒకలా ఉంటుంది, తాత పొలం పుస్తకంలో ఇంకోలా ఉంటుంది. దీర్ఘానికి ఒక ఏ పెట్టి చూశాను, రెండు పెట్టి చూశాను, ఒత్తు తీసి చూశాను. దేనికీ ఒప్పుకోలేదు. ఇంకా ప్రయత్నిస్తే ఇవాళ్టికి తలుపు మూసేస్తానంది. అప్పుడు తట్టింది, మావయ్యకి వచ్చిన స్పెల్లింగు బోర్డు మీద పెయింటరు రాసిందే కదా అని. బయటికొచ్చి సిటీబస్సెక్కి ఏలూరు రోడ్డులో దిగాను. షాపుకి ఎదురుగా, గోలీసోడా బండి పక్కన నిలబడి, బోర్డు మీద ఒక్కో అక్షరమూ చదువుకుంటున్నాను. పెయింటరు మహానుభావుడు అవసరం లేని చోట ఒక హెచ్ పెట్టాడు. అంతలో మావయ్య బయటికొచ్చి నన్ను చూశాడు.

"అక్కడే నించున్నావేంటమ్మా? లోపలికి రా, కూల్‌డ్రింక్ తాగుదువుగాని!"

"వద్దులే మావయ్యా. బోర్డు చూస్తున్నా."

"బాగుందా? మొన్ననే మళ్లీ రంగేయించా!"

"చాలా బాగుంది మావయ్యా. అక్షరాలు బాగా కనబడుతున్నాయి."

ఆయన మురిసిపోయాడు. నేను వచ్చిన బస్సులోనే వెనక్కి పోయాను.

హెచ్ పెట్టగానే తలుపు తెరుచుకుంది. లోపల నేనున్నాను. మావయ్య చేసిన నేను. నాకు మల్లెపూలంటే ప్రాణమట. పూల వాసనకి నాకు తలనొప్పి వస్తుంది. హనుమాన్ జంక్షన్ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఎంతో ఇష్టమట. జంక్షనంటే ఎవరికైనా చిన్నప్పటి నుంచీ ఇష్టం ఉంటుందా అండీ? బస్సు ఆగుతుంది, వేరుశనక్కాయలు కొంటాం, బస్సు కదులుతుంది. ప్రతి మెయిలు చివరా "యువర్స్ ఒబీడియెంట్లీ" అని సంతకం. సెలవు చీటీలు టైపు చేసీ చేసీ మావయ్యకి ఉత్తరమంటే అలాగే ముగియాలని అలవాటైపోయింది. కడుపు పట్టుకుని నవ్వుకుంటూ ఒక్కో మెయిలూ చదువుతూ కిందికి వచ్చాను. అక్కడ ఉంది ఆ లైను. "నా ఉద్యోగం అంత ముఖ్యమైనది కాదండి, ఏదో ఇంట్లో తోచక వెళ్తున్నాను." నవ్వు ఆగిపోయింది. ఒళ్లు మండిపోయింది. వంట వచ్చని రాయి, పాట వచ్చని రాయి, ఏడాది తగ్గించు, పోనీ. నా చేత ఆ మాట ఎలా అనిపించావు మావయ్యా అని కంప్యూటరుని అడిగాను.

వెంటనే పాస్‌వర్డ్ మార్చాను. రహస్య ప్రశ్న కూడా మార్చి, జవాబు నా మనసులోంచి పెట్టాను. ఆ తర్వాత జంక్షన్ అబ్బాయికి మెయిలు రాశాను. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. "నమస్కారమండీ. ఇన్నాళ్లూ నా పేరుతో మీకు వచ్చినవి మా మావయ్య రాసినవి. ఆయన మంచివాడే. నాకు వంట రాదు, నేర్చుకోవాలన్న తొందరా లేదు. నేను లెక్కలు చెబుతాను, పెళ్లయ్యాక కూడా చెబుతాను. దానికి మీరు ఒప్పుకుంటేనే తాంబూలాలు. ఇది సరదాకి రాయడం లేదు. ఇది నేనే."

చివరికి ఆ వెబ్‌సైట్‌లోంచి నన్ను తీసేయబోతే, కారణం చెప్పమంది. పెళ్లి కుదిరిందా, వేరే చోట దొరికారా, ప్రస్తుతానికి వద్దనుకున్నారా అని వరసగా ఇచ్చింది. నన్నడక్కుండా పెట్టారు అనేది మాత్రం అందులో లేదు. ఇతర కారణాలు నొక్కి బయటపడ్డాను.

రెండ్రోజులకి ఆ అబ్బాయి జవాబు వచ్చింది. చదివి ఏమనుకోవాలో తెలియలేదు. "సారీ అండి. నా మెయిల్స్ కూడా నేను రాయలేదండి. మా బావ రాశారు. బాగున్నాయని చెప్పమంటే చెప్పానండి. మీ ఉద్యోగం గురించి ఇంట్లో అడగాలండి." అంటే మా మావయ్యా వాళ్ల బావా నెలరోజులు ఒకరి మీద ఒకరు మనసు పడ్డారన్నమాట! ఇంట్లో అడిగాడో లేదో కానీ, పిల్లకి నోరెక్కువని కబురు చేసి వాళ్లు తప్పుకున్నారు. ఆ ఇద్దరు పెద్దమనుషులు మాత్రం ఆ తర్వాత చాలాకాలం ఒకరికొకరు జోకులు ఫార్వర్డ్ చేసుకుంటూనే ఉన్నారు. కుదిరిన సంబంధం అదొక్కటే.

ఇంట్లో అసలు గొడవ సంబంధం పోయినందుకు కాదు. మావయ్య మొహం చిన్నబుచ్చుకుని వచ్చి, "పాస్‌వర్డ్ మార్చేసిందక్కా! మేనమామని, నన్ను బయటోణ్ణి చేసింది," అన్నాడు అమ్మతో. అమ్మ బియ్యం ఏరుకుంటోంది. నాన్న పేపరు మడిచి నన్ను పిలిచారు.

"ఏంటమ్మా కొత్త పాస్‌వర్డు?"

"చెప్పను నాన్నా."

అరుపేమీ కాదు, మెల్లిగానే అన్నాను. కానీ మా ఇంట్లో ఆ మాట అంతకుముందు ఎవరూ అనగా నేను వినలేదు. అలిగి పలక్కపోవడం ఉంది, తిట్టుకోవడం ఉంది. చెప్పను అనేది మాత్రం లేదు. నాన్న సరిగ్గా వినబడలేదేమోనన్నట్టు నా మొహంలోకి చూశారు.

"నేనడిగినా?"

"మీరడిగినా చెప్పను. మీ మీద నమ్మకం లేక కాదు నాన్నా. అది నాది, అంతే."

ఆయన మళ్లీ పేపరు విప్పారు కానీ చదవలేదు. నాన్నని అలా చూడటం నాకిష్టం లేదు. అయినా చెప్పలేదు. ఆయన బాధ కూడా ఆయన పద్ధతిలోనే పడ్డారు. కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ "మా అమ్మాయి పాస్‌వర్డు చెప్పనందండీ," అని చెప్పుకున్నారు. కొనడానికొచ్చినవాళ్లు రెండు పార్టీలయ్యారు. చీరాలాయన కాలం చెడిపోయిందన్నాడు. చీరలు ఇంటికి పట్టుకెళ్లి అమ్ముకునే ఒకావిడ మాత్రం "మంచిపనే చేసిందిలేండి బాబాయిగారూ, ఆ అద్దం కింద కాయితం కూడా తీసేయండి ఇక," అందట. నాన్న ఆ సాయంత్రమే ప్రింటు తీసి, నాలుగు మడతలు పెట్టి తెచ్చి నా చేతికిచ్చారు. ఆ రాత్రి నేను వడ్డిస్తే తిన్నారు. నేను చేసిన చారే.

తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం నేను నెట్ సెంటరుకి బయల్దేరుతుంటే, అమ్మ గంజిపెట్టిన చీర కట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నేనూ వస్తా."

ఈ గొడవంతా నడిచినన్నాళ్లూ అమ్మ ఎటువైపూ మాట్లాడలేదు. ప్లైవుడ్డు గదిలో నా పక్కన ఇరుగ్గా కూర్చుని, చెంగుతో కీబోర్డు తుడిచి, అప్పుడంది.

"నాక్కూడా ఒకటి తెరువు."

"ఎవరికి రాస్తావమ్మా?"

"రాస్తేనే ఇస్తారా ఏంటి? ఉండనీ ఒకటి."

సరే అని మొదలుపెట్టాను. పేరు అడిగింది కంప్యూటరు. "ఇంటిపేరు ఏది పెట్టనమ్మా, మనదా, మీ పుట్టింటిదా?" అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, "రెండూ వద్దులే. ఉత్త నా పేరే పెట్టు," అంది. ఇంటిపేరు లేకపోతే కంప్యూటరు ఒప్పుకోలేదు. అమ్మ పేరునే రెండు గళ్లలోనూ కొట్టాను, ఒప్పుకుంది. పాస్‌వర్డు దగ్గర నన్ను అటు తిరగమంది. నేను ప్లైవుడ్డు వంక చూస్తూ కూర్చున్నాను. అమ్మ పదో తరగతి దాకా చదివింది, ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుంటూ ఒక్కో మీటా నొక్కుతోంది. మధ్యలో ఒకసారి తనలో తనే చిన్నగా నవ్వింది.

రహస్య ప్రశ్న వచ్చింది. ఉన్నవి ఒక్కొక్కటే చదివి చెప్పాను. పుట్టింటి పేరు గురించి ఎత్తను కూడా ఎత్తనివ్వలేదు. చదివిన బడి అంటే, "మీ నాన్న గుడివాడ రైలంతా చెప్పారు," అంది. ఇష్టమైన వంట అని ఉంది తర్వాత. నేను నవ్వేశాను.

"అది అసలొద్దమ్మా. మనింట్లో ఏం వండుతావో వీధి చివర్దాకా తెలుసు."

"ఏంటో చెప్పు చూద్దాం."

"గుత్తొంకాయ."

"అది మీ నాన్నకి."

"రొయ్యల ఇగురు."

"తమ్ముడికి."

"దోసకాయ పప్పు."

"నీకు," అంది అమ్మ.

ఇంకోటి చెప్పబోయి ఆగిపోయాను. పెద్దపండక్కి, ఉగాదికి, చుట్టాలొచ్చినప్పుడు, జ్వరాలొచ్చినప్పుడు అమ్మ చేసినవన్నీ గుర్తు చేసుకున్నాను. ప్రతిదానికీ ఎవరో ఒకరు ఉన్నారు. నా మొహం వేడెక్కింది. అమ్మ చెయ్యి పట్టుకుని అడిగాను.

"ఏంటమ్మా నీకిష్టం?"

అమ్మ నా వంక చూసింది. కోపంగా కాదు, ఎంతో ముద్దుగా చూసింది. చెయ్యి విడిపించుకుని, కీబోర్డు తన వైపు జరుపుకుంది.

"చెప్పను," అంది. "ఆ ప్రశ్నే పెట్టు. ఎవరికీ తెలీదు."